మూత తీసి మాట్లాడండి

ముందు మీ టీవీ బల్ల కింది సొరుగు తియ్యండి. చదవడం ఆపి, లేచి వెళ్లి తియ్యండి. నేనెక్కడికీ పోను.

ఏమున్నాయి? తెర పగిలిన ఫోనొకటి. తెర నిక్షేపంలా ఉన్నా బ్యాటరీ ఉబ్బి వెనకమూతను పైకి లేపేసిన ఫోను ఇంకొకటి. (దాన్ని మాత్రం ఇవాళే ఇంట్లోంచి బయటికి పంపండి, మిగతా తిట్లు తర్వాత తిందురుగాని.) పట్టీ తెగిన స్మార్ట్ వాచీ, కుడిచెవిది మాత్రమే మోగే ఇయర్‌బడ్స్, దేనితో వచ్చాయో గుర్తులేని ఛార్జర్లు, రబ్బరు బ్యాండు చుట్టిన వారంటీ కార్డులు. మీరు దాన్ని సొరుగంటారు. నేను మార్చురీ అంటాను. అసలు సంగతేమిటంటే అందులో ఉన్నవాటిలో సగం చావనేలేదు. స్పృహ తప్పాయంతే. నాడి పట్టి చూడకుండానే మీరు తెల్లగుడ్డ కప్పేశారు. పెద్దకర్మ భోజనం పెట్టినట్టు కొత్తది కొని నలుగురికీ చూపించారు.

పైగా మీరు గాడ్జెట్ ప్రియులు!

ఆ మాట మీ నోట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పుస్తకప్రియుడు చదువుతాడు. భోజనప్రియుడు తింటాడు. సంగీతప్రియుడు వింటాడు. మీరేం చేస్తారు? డబ్బా మీది పల్చటి ప్లాస్టిక్ కాగితాన్ని గోటితో మెల్లగా లాగుతారు. ఆ చప్పుడు వినడానికి ఇంటిల్లిపాదీ చుట్టూ మూగుతారు. మూత పైకి లేస్తున్నప్పుడు ఉస్సుమని గాలి వదిలితే మీ కళ్లు అరమూతలు పడతాయి. వచ్చిన పూటే కుంకుమబొట్టు, సాయంత్రానికి టెంపర్డ్ గ్లాసు, మర్నాటికి నల్ల రబ్బరు కవరు. ఏ రంగు కోసం రెండు వేలు ఎక్కువిచ్చి కొన్నారో ఆ రంగు మళ్లీ మీ కంట పడదు. మూడో వారానికి అది ఉత్త ఫోను. పదో నెలకి పాత ఫోను. మీ ప్రేమ డబ్బాతో మొదలై డబ్బాతోనే ముగుస్తుంది, ఆ ఖాళీ డబ్బాను కూడా పారెయ్యలేక బీరువా మీద దాస్తారు. మీరు డబ్బా ప్రియులు. గాడ్జెట్లతో మీకు ఏ చుట్టరికమూ లేదు.

నేనేమీ తులసిమాల వేసుకుని ఈ మాటలు చెప్పడంలేదు. నాకూ ఉంది ఈ జబ్బు, ఇరవయ్యేళ్లుగా ఉంది. జీతంలో సగం పోసి కొన్నవి ఉన్నాయి. ఫ్లాష్ సేల్‌లో వేళ్లు వణుకుతుండగా కొన్నవి ఉన్నాయి. రోజుకెన్ని అడుగులు నడుస్తున్నానో చెప్పమని ఒక వాచీ కొని, అది నిజం చెబుతోందన్న కోపంతో విప్పి పడేసిన చరిత్ర కూడా ఉంది. నా సొరుగులో పదకొండున్నాయి, లెక్కపెట్టాను. అందుకే మీ సొరుగు సంగతి చూడకుండా చెప్పగలిగాను. తాగుడు మానేసినవాడికి తెలిసినంతగా సీసా సంగతి ఇంకెవడికి తెలుస్తుంది?

నాకు మత్తు దిగింది అబిడ్స్‌లో.

ఆరేళ్ల కిందట కొన్న ఫోను, నిరుడు ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గమ్మునైపోయింది. ఛార్జింగ్ పెడితే వేడెక్కుతుంది తప్ప వెలగదు. కంపెనీవారి సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లాను. ఏ కంపెనీయో చెప్పను. మీ కంపెనీ అనుకోండి, పెద్దగా తప్పు కాదు. ఏసీ చల్లగా ఉంది. టోకెన్ ఇచ్చారు, మంచినీళ్లు ఇచ్చారు. మెడలో ట్యాగు వేసుకున్న అమ్మాయి ఫోనును లోపలికి తీసుకెళ్లి, పావుగంటలో తిరిగొచ్చి, పరామర్శకి వచ్చినదానిలా గొంతు తగ్గించింది.

“మదర్‌బోర్డు పోయింది సర్. మార్చాలంటే ఇరవై మూడు వేల నాలుగొందలు అవుతుంది. డేటా రాదు. దానికన్నా కొత్తది తీసుకోవడమే బెటర్ సర్, ఎక్స్ఛేంజ్ ఆఫర్ నడుస్తోంది.”

“విప్పి చూశారా అమ్మా?”

“విప్పితే వాటర్ రెసిస్టెన్స్ పోతుంది సర్.”

చూడలేదన్నమాట. చెయ్యి పట్టుకోకుండానే కాటికి పంపే వైద్యం! ఆ అమ్మాయిని అనడంలేదు. ఆమెకిచ్చిన కాగితంలో రాసి ఉన్నది ఆమె చదివింది. ఆ కాగితం రాసినవాణ్ణి అంటున్నాను.

ఆ ఫోనులో మా అమ్మ గొంతులో ఆవకాయ కొలతలు ఉన్నాయి. బ్యాకప్ పెట్టుకోలేదా అని అడక్కండి. మీరు పెట్టుకున్నారా?

జగదీశ్ మార్కెట్‌కి వెళ్లాను. అబిడ్స్ తెలిసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. మనిషికి మనిషి ఎదురొస్తే ఒకరు పక్కకి తిరగాల్సిన సందులు, రెండు వైపులా తోరణాల్లా వేలాడే ఫోను కవర్లు, “ఏం కావాలె అన్నా, కాంబోనా, బ్యాటరీనా” అని చొక్కా పట్టుకున్నంత పనిచేసే కుర్రాళ్లు. వాళ్లలో ఒకడి బల్ల ముందు స్టూలు మీద కూర్చున్నాను. బల్ల వెడల్పు రెండడుగులు ఉంటుందేమో. దాని మీద ఒక మైక్రోస్కోపు, డీసీ పవర్ సప్లై, సోల్డరింగ్ ఐరన్, ఫ్లక్స్ డబ్బా, సగం తాగిన చాయ్. కుర్రాడికి పాతికేళ్లు లేవు. నా ఫోనును వేడి పలక మీద రెండు నిమిషాలు పడుకోబెట్టి, గిటారు మీటే బిళ్లలాంటి పల్చటి ప్లాస్టిక్ ముక్కను అంచులోకి దూర్చి చుట్టూ తిప్పాడు. మూత లేస్తుంటే జిగురు తీగలు తీగలుగా సాగింది, పనసకాయ కోసినప్పుడు బంక సాగినట్టు. విప్పిన మరలను అయస్కాంతం పరుపు మీద విప్పిన వరసలోనే పేర్చాడు. బోర్డు బయటికి తీశాడు. రెండు బిస్కెట్లంత ఉంది. నా డబ్బు, నా ఫొటోలు, నా పరువు, మా అమ్మ ఆవకాయ అన్నీ అంతలో ఉన్నాయి.

అప్పుడు వాడు చేసిన పని చూసి నాకు నోట మాట రాలేదు. కాస్త రోజిన్‌ను ఐరన్‌తో కరిగించి, ఆ పొగను సాంబ్రాణి వేసినట్టు బోర్డుకి పట్టించాడు. బోర్డంతా విభూతి పూసినట్టు తెల్లబడింది. పవర్ సప్లై తీగలు రెండూ చిన్న వోల్టేజీతో ఆనించాడు. ఒక్క క్షణం. ఆ తెలుపులో ఒకే ఒక్క చోట చుక్క కరిగి నల్లగా బయటపడింది. మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండానే అన్నాడు:

“గదే అన్నా దొంగ. కెపాసిటర్ షార్టయింది. కరెంటంత అదే తాగుతున్నది. బోర్డు మంచిగనే ఉంది.”

గసగసాల గింజంత ఉంది ఆ దొంగ. పట్టుకారుతో ఊడబీకాడు. “మరి దాని బదులు?” అన్నాను. “పక్కన ఇంక నాలుగున్నయ్ అన్నా, అది లేకున్న నడుస్తది.” మళ్లీ పవర్ ఇచ్చాడు. సప్లై మీద అంకెలు కదిలాయి, తెర మీద కంపెనీ బొమ్మ వెలిగింది. కొత్త జిగురు పట్టీ వేసి మూత మూస్తూ, “ఇగ నీళ్లల్ల ముంచకు అన్నా” అని నిజాయితీగా హెచ్చరించాడు. ఏడొందలు తీసుకున్నాడు.

ఇరవై మూడు వేల నాలుగొందలకీ ఏడొందలకీ మధ్య ఇరవై రెండు వేల ఏడొందల తేడా ఉంది. అదేమిటో చెప్పండి. విడిభాగం ధర కాదు, విడిభాగమే పడలేదు. పనితనం ధర కాదు, పనితనం అబిడ్స్‌లో ఉంది. మీకు తెలియదన్న ధీమాకి వాళ్లు కట్టిన రేటది. మీ అజ్ఞానానికి ఎంఆర్‌పీ.

ఇంటికొచ్చాక మా వాల్వు రేడియో గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా ఇంట్లో అదొక పెద్దరికం. దాని వెనక అట్టమూతకి నాలుగు మరలు. అవి విప్పితే లోపలివైపు ఆ రేడియో సర్క్యూట్ బొమ్మ అంటించి ఉండేది. ఏ వాల్వు ఎక్కడ, ఏ రెసిస్టరు విలువ ఎంత, ఏ తీగ ఎటు పోతుంది, అన్నీ. కంపెనీవాడే అచ్చు వేయించి, కంపెనీవాడే అంటించి పంపేవాడు. వస్తువన్నాక పాడవుతుందని వాడికి తెలుసు. బాగుచేసేవాడు ఊళ్లోనే ఉంటాడనీ తెలుసు. వాడికి దారి చూపించడం తన పనే అనుకున్నాడు. మా ఊళ్లో రేడియో సాయిబు అని ఒకాయన ఉండేవాడు. ఆ బొమ్మ మీద వేలు పెట్టి తీగ వెంట తీగ నడుస్తూ రోగం దగ్గర ఆగేవాడు. తర్వాత టీవీలొచ్చాయి. 1967లో హైదరాబాద్‌లో పుట్టిన ఈసీఐఎల్ ఈసీ టీవీ చేసింది. అణుశక్తి శాఖ కింది సంస్థ మన హాల్లోకి టీవీ పంపిన రోజులవి! అదీ మరలు విప్పితే విప్పుకునేదే, మెకానిక్ ఇంటికే వచ్చి చాప మీద కూర్చుని బాగుచేసేవాడు.

అప్పట్లో మూతకి సర్క్యూట్ బొమ్మ అంటించి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు మూతనే అంటించి ఇస్తున్నారు. యాభయ్యేళ్లలో జిగురు చోటు మారింది.

పాత చింతకాయ పచ్చడి కబుర్లంటారేమో. అనుకోండి. ఆ రేడియో వేడెక్కి పలకడానికే సేపు పట్టేది, ఉరుములొస్తే గరగరలాడేది, ఏటా పోస్టాఫీసుకెళ్లి లైసెన్సు రుసుము కట్టాలి. దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగే మనిషిని కాను నేను. చేతిలో ఉన్న ఈ అద్భుతాన్ని మీకంటే ఎక్కువే ప్రేమిస్తాను. నాకు కావలసింది ఈ ఫోనే. ఆ నాలుగు మరలతో.

“అబ్బే, జిగురు లేకపోతే నీళ్లు దూరతాయండీ, సన్నగా రాదండీ” అని కంపెనీల తరఫున ఉచితంగా వకాల్తా పుచ్చుకునే బాపతు ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు. వాడికి జీతం ఎవరూ ఇవ్వరు, అయినా డ్యూటీ మానడు. వాడికి నా సమాధానం: 2014లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్5 వచ్చింది. వెనకమూత గోటితో లేచేది, బ్యాటరీ వేలితో ఊడేది. అయినా ఐపీ67 రేటింగ్ ఉంది, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకునేలా చేసిన ఫోను. మూతకి లోపల రబ్బరు అంచు పెట్టారు, అంతే కథ. పదేళ్ల కిందట చేతనైన పని ఇప్పుడు చేతకాకుండా పోయిందా? చేతకాకపోవడం వేరు, చెయ్యకపోవడం వేరు. ఏదో ఒకటి ఒప్పుకోండి.

ఇంకో పోలిక చెబుతాను, ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. 2003లో వచ్చిన నోకియా 1100 గుర్తుందా? ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడైన ఫోను. కరెంటు పోతే టార్చి, దుమ్ము దూరని రబ్బరు కీప్యాడు. అలాంటి చాలా నోకియా ఫోన్లలో ఉండే బ్యాటరీ పేరు బీఎల్-5సీ. 2007 ఆగస్టులో నోకియా ఒక ప్రకటన చేసింది: మత్సుషితా కంపెనీ చేసిన 4.6 కోట్ల బ్యాటరీలు ఛార్జింగ్‌లో వేడెక్కే ప్రమాదం ఉంది, మార్చి ఇస్తామని. జనం ఏం చేశారు? గోటితో మూత తీశారు, బ్యాటరీ మీది నంబరు చూశారు, ఉంటే మార్పించుకున్నారు, మూత పెట్టారు. ఫోను ఫోనులాగే ఉంది. తొమ్మిదేళ్ల తర్వాత, 2016లో, శామ్‌సంగ్ నోట్7 బ్యాటరీలు అంటుకున్నాయి. లోపం మళ్లీ బ్యాటరీలోనే. కానీ ఈసారి బ్యాటరీ మూత వెనక సమాధి అయి ఉంది. అందుకని 25 లక్షల ఫోన్లను మొత్తంగా వెనక్కి పిలవాల్సి వచ్చింది. మార్చి ఇచ్చినవీ అంటుకుంటే ఆ మోడలే చచ్చింది. పన్ను పోటుకి తల తీసేసినట్టు. దాని తర్వాతైనా బుద్ధి తెచ్చుకుని మూతకి మరలు పెట్టారా? మళ్లీ జిగురే పెట్టారు.

ఈ లిథియం అయాన్ బ్యాటరీ అనేది పువ్వులాంటిది. వాడినా వాడకపోయినా వాడుతుంది. నూటికి నూరు నింపి ఉంచితే అరుగుతుంది, వేడి తగిలితే ఇంకా వేగంగా అరుగుతుంది. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టిన ఫోను ఆయుష్షు మీరే లెక్కేసుకోండి. రెండు మూడేళ్లకి బ్యాటరీ మార్చాల్సి రావడం లోపం కాదు, దాని రసాయనం అంతే. టైరు అరగడం లాంటిది. మరి టైరు మార్చలేని కారును అమ్మితే మీరు కొంటారా? షోరూమ్ అద్దాలు పగలగొడతారు. ఫోను దగ్గరకొచ్చేసరికి మాత్రం మీకు ఈఎంఐ ఎన్ని నెలలన్నదొక్కటే ప్రశ్న.

ఆ అరిగిన బ్యాటరీ చాటున ఆడిన నాటకం కూడా ఒకటుంది. 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకుంది, బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని అప్‌డేట్ ద్వారా తగ్గించామని. ఉన్నట్టుండి ఆగిపోకుండా ఉండాలని చేశామంది. ఆ కారణం సాంకేతికంగా అబద్ధం కాదు, అది కూడా చెప్పాలి. కానీ తగ్గించామని ముందు చెప్పలేదే! బ్యాటరీ మారిస్తే వేగం తిరిగొస్తుందని తెలియక ఎందరు ఫోను మొత్తాన్నే మార్చుకున్నారు? 2018లో ఇటలీ ఇలాంటి అప్‌డేట్లకే యాపిల్‌కి కోటి యూరోలు, శామ్‌సంగ్‌కి అరకోటి యూరోలు జరిమానా వేసింది. 2020లో ఫ్రాన్స్ యాపిల్‌కి రెండున్నర కోట్ల యూరోలు వేసింది. అమెరికాలో దావా వేసిన జనంతో 50 కోట్ల డాలర్ల దాకా ఇస్తామని రాజీ కుదుర్చుకున్నారు. మనమేం చేశాం? వాళ్లే ఆ ఏడాది తెచ్చిన కొత్త మోడల్ కోసం లైన్లో నిలబడ్డాం.

ఇది కొత్త విద్యేమీ కాదు. 1924లో జెనీవాలో పెద్ద పెద్ద బల్బుల కంపెనీలు ఒక గూడుపుఠాణీ కట్టాయి. ఫీబస్ కార్టెల్ అంటారు దాన్ని. బల్బు వెయ్యి గంటలకు మించి వెలగకూడదని ఒప్పందం. ఎక్కువ వెలిగే బల్బు చేసిన కంపెనీకి జరిమానా! బాగా చేసినందుకు జరిమానా. వందేళ్ల కిందటి ఆ పెద్దమనుషులకి కనీసం సిగ్గుండేది, తలుపులేసుకుని మాట్లాడుకున్నారు. ఇప్పుడు అదే సంగతిని వేదికెక్కి, వెనక వెలుగులు పెట్టి, చప్పట్ల మధ్య ప్రకటిస్తున్నారు.

వేదిక అంటే గుర్తొచ్చింది. 2016 సెప్టెంబరులో ఐఫోన్ 7లోంచి ఇయర్‌ఫోన్ రంధ్రం తీసేస్తూ యాపిల్ పెద్దమనిషి ఒకాయన వాడిన మాట ‘ధైర్యం’. మీ ఇంట్లోంచి కిటికీ ఊడబీకి పట్టుకుపోతూ దొంగ నా ధైర్యం చూశారా అన్నట్టుంది. అదే రోజు, అదే వేదిక మీద, 159 డాలర్ల వైర్‌లెస్ ఎయిర్‌పాడ్స్ చూపించారు. కిటికీ పీకినవాడే ఫ్యాను అమ్ముతున్నాడు. దానికి గూగుల్ తన పిక్సెల్ ప్రకటనలో నవ్వింది, మా ఫోనులో రంధ్రం ఉందోచ్ అని. ఏడాది తిరిగేసరికి పిక్సెల్ 2లో తీసేసింది. శామ్‌సంగ్ వరస ప్రకటనలు వేసి వెక్కిరించింది. 2019లో నోట్10 నుంచి తనూ తీసేసి, పాత వెక్కిరింపు వీడియోలను చప్పుడు చెయ్యకుండా తుడిచేసింది. 2020 అక్టోబరులో ఐఫోన్ 12 డబ్బాలోంచి ఛార్జర్ మాయమైంది. భూమాత మీద ప్రేమ అన్నారు. శామ్‌సంగ్ మళ్లీ ఫేస్‌బుక్‌లో నవ్వింది, మూడు నెలల తర్వాత ఎస్21 డబ్బాలోంచి మళ్లీ తీసేసింది. ఊసరవెల్లైనా ఇంత త్వరగా రంగు మార్చదు.

భూమాత మీద అంత ప్రేమే ఉంటే ఛార్జర్ తీసినంత మేరకి ఐఫోన్ ధర తగ్గించాలిగా? తగ్గలేదు. ఛార్జర్ విడిగా అమ్మారు, విడిగా ఇంకో డబ్బాలో పెట్టి. పుణ్యం వాళ్లకి, ఖర్చు మీకు. అత్తసొమ్ము అల్లుడు దానం అని మన ముసలమ్మలు అన్నది ఇలాంటివాళ్లను చూసే అయ్యుంటుంది.

ఇక సమీక్షకులు. వీళ్ల గురించి ఎక్కువ రాయను, రాస్తే వాళ్లకి వ్యూసు పెరుగుతాయి. ఫోను వచ్చిన నాలుగో రోజున “ఇది కొనొచ్చా, లేదా” అని తీర్పు చెప్పే న్యాయమూర్తుల్లారా, నాలుగు రోజుల కాపురానికి అల్లుడి గుణం తెలుస్తుందా? మూడో ఏడాది ఆ ఫోను ఎలా ఉందో మీలో ఎంతమంది చెప్పారు? అప్‌డేట్ వేసిన మర్నాడు తెర మీద నిలువునా పచ్చగీత పడ్డవాళ్ల బాధ మీ వీడియోల్లో ఎప్పుడైనా వినపడిందా? వెనకమూత తీసి చూపించమంటే అది కంపెనీ ఫోనండీ, తిరిగి పంపాలండీ అంటారు. అదీ అసలు మాట. ఉచితంగా తిన్నవాడు వంటకి వంక పెట్టడు.

మా మేనల్లుడు ఒకడున్నాడు, మీ అందరి ప్రతినిధి. వాడి జీతం ముప్ఫై రెండు వేలు, ఫోను ఎనభై వేలు. “నో కాస్ట్ ఈఎంఐ మామయ్యా, ఒక్క రూపాయి వడ్డీ లేదు” అన్నాడు. ఒరే నాయనా, సున్నా వడ్డీ అనేదే లోకంలో లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే సర్క్యులర్ ఇచ్చి చెప్పింది. నగదు పెట్టి కొంటే దొరికే తగ్గింపు నీకు ఇవ్వకుండా దాన్నే వడ్డీగా మలుస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, మొదట్లో ప్రాసెసింగ్ ఫీజు. నీ స్టేట్‌మెంట్‌లో చిన్న అక్షరాల్లో అన్నీ ఉంటాయి, చదువు అన్నాను. చదివాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయినా అందరి దగ్గరా ఉంది మామయ్యా” అన్నాడు. ఆ ఒక్క మాటకి నా దగ్గర జవాబు లేదు. ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పనే ఉండేది కాదు.

“మా డబ్బు, మా ఇష్టం. మధ్యలో నీకేంటి?” ఇది కదా ఇప్పుడు మీ నాలుక చివర ఉన్నది? అనండి, గట్టిగానే అనండి. అని, ఈ రెండు సంగతులూ వినండి. ఆ బ్యాటరీలో కోబాల్ట్ ఉంది. ప్రపంచం తవ్వే కోబాల్ట్‌లో మూడింట రెండొంతులకు పైగా కాంగో దేశం నుంచే వస్తుంది, అందులో కొంత మామూలు పారలతో, కూలిపోయే సొరంగాల్లో, పిల్లలు కూడా తవ్వినది. అది మొదలు. చివర మన సొరుగు. 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోసిందని ఐక్యరాజ్యసమితి లెక్క కట్టింది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతం. మిగతాది? మీ వీధిలో మైకు పెట్టుకుని “పాడైపోయిన సెల్‌ఫోన్లు కొంటాం, ప్లాస్టిక్ టబ్బులు ఇస్తాం” అని అరుచుకుంటూ పోయే బండివాడు ఎక్కడికి తీసుకెళ్తాడనుకున్నారు? చేతులు మారి మారి ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్లకి చేరతాయి. అక్కడ తీగలు కాల్చి రాగి తీస్తారు, బోర్డులను యాసిడ్‌లో ముంచి బంగారం గీరుతారు, చేతులకి తొడుగు కూడా లేకుండా. మీ ఇష్టానికి డబ్బు మీరు కట్టి ఉండొచ్చు. ఊపిరి మాత్రం ఇంకొకడు కడుతున్నాడు. టబ్బు మీకు.

ప్రభుత్వాన్ని వదిలేశాననుకోకండి. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకొచ్చాయి. అక్కడ ఫోను అమ్మాలంటే, ఆ మోడల్ అమ్మకం ఆపిన తర్వాత కూడా ఏడేళ్లపాటు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి. బ్యాటరీ 800 సార్లు నింపాక కూడా 80 శాతం సత్తా నిలుపుకోవాలి. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం ఇంకో ముడి విప్పింది. విడిభాగానికీ బోర్డుకీ సాఫ్ట్‌వేర్‌తో పెళ్లి చేసి, బయట మార్పిస్తే పనిచెయ్యకుండా చేసే ఎత్తును 2024లో చట్టం చేసి నిషేధించింది. మనమో? 2022లో కమిటీ వేశాం, ఆ ఏడాది చివర రైట్ టు రిపేర్ అని పోర్టల్ తెరిచాం. బాగుచేయించుకునే హక్కు! మన తాతలకి అది హక్కని తెలియదు పాపం, ఊరికే బాగుచేయించుకునేవాళ్లు. పోర్టల్ ఉంది, బలవంతపెట్టే చట్టం లేదు. పళ్లు లేని కాపలాకుక్కను గేటుకి కట్టి బోర్డు మాత్రం పెద్దది పెట్టాం.

కానీ చట్టం వచ్చేదాకా ఏడుస్తూ కూర్చోవడానికి నేను రాయడంలేదు. మన దగ్గర యూరప్‌లో లేనిది ఒకటుంది. ఆ రెండడుగుల బల్ల. కోఠి గుజరాతీ గల్లీలో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, విజయవాడ బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల, ఆ మాటకొస్తే ప్రతి మండల కేంద్రం బస్టాండు పక్కన. ఏ కంపెనీ మాన్యువల్ ఇవ్వకపోయినా, ఏ కాలేజీ నేర్పకపోయినా, ఒకణ్ణి చూసి ఒకడు నేర్చుకున్న వైద్యులు. వాళ్లలో ఫస్ట్ కాపీ వేసి ఒరిజినల్ అని చెప్పేవాడూ ఉన్నాడు, ఎందుకు లేడు? నన్నూ ఒకడు ముంచాడు, మూడు నెలలకే తెర పసుపెక్కింది. అయితే వాడు దొరికితే అడగడానికి వాడి బల్ల ఎక్కడుందో నాకు తెలుసు. ఆ చల్లటి ఏసీ గదిలో కాగితం రాసినవాడి బల్ల ఎక్కడుందో మీకెవరికైనా తెలుసా?

చవకబారు మనిషినంటారు నన్ను. నా ఆరేళ్ల ఫోను చూసి ఆఫీసులో నవ్వుతారు. నవ్వనీ. మీ ఫోను లోపల ఏముందో మీకు తెలియదు. నా ఫోను లోపల గసగసాల గింజంత చోటు ఒకటి ఖాళీగా ఉందని నాకు తెలుసు, అది ఎటు పక్కనుందో కూడా వేలు పెట్టి చూపిస్తాను. ఎవరిది ఫోను, ఎవరిది అద్దె సామాను?

శనివారం పదకొండింటికి జగదీశ్ మార్కెట్ మొదట్లో ఉంటాను. నా పదకొండింట్లో నాలుగు సంచిలో వేసుకొస్తున్నాను. దమ్ముంటే మీ సొరుగులోంచి ఒకటి పట్టుకుని రండి, మూత తీయించి చూద్దాం. బండి పెట్టడానికి చోటు దొరకదు, ఆటోలో రండి. పనిలో పని, దాని పాత ఛార్జర్ కూడా తెచ్చుకోండి. అది డబ్బాలోనే వచ్చిన కాలం నాటిదై ఉంటుంది.